చేతిలోకి ఎక్కించిన పడవ

మా అమ్మాయి కదలకుండా కూర్చునేది పడవ ఆట ముందు మాత్రమే. మిగతా వేళల్లో దాని కాలు ఒకచోట నిలవదు. అన్నం కూడా సోఫా మీద ఒక ముద్ద, గుమ్మం దగ్గర ఒక ముద్ద, మెట్ల మీద ఒక ముద్ద తింటుంది. వాళ్ళ బాబాయ్ దానికి మిడత అని పేరు పెట్టాడు. ఇప్పుడు అసలు పేరుతో పిలిస్తే వెనక్కి తిరిగి కూడా చూడదు.

ఆ పడవ ఆట మా మరిది చిన్నప్పటిది. టీవీకి తగిలించి ఆడే గేమ్. లోపల డిస్కును చదివే అద్దం అరిగిపోయి, మామూలుగా పెడితే పనిచేయదు. పెట్టెను బోర్లా తిప్పి, కింద మడిచిన తువ్వాలు వేసి, పైన ఒక మొట్టికాయ వేస్తే అప్పుడు గిర్రున తిరిగి బొమ్మ వస్తుంది. ఆట చాలా మామూలుది. ఏటికి అవతలి ఒడ్డున బాతుపిల్లలు ఉంటాయి. పడవ వేసుకుని వెళ్ళి ఒక్కొక్కదాన్నే పిలుచుకు రావాలి. వచ్చిన పిల్ల పడవ వెనకాలే ఈదుతుంది. పడవ కుదిపితే చెదిరిపోతుంది. అందుకే మిడత ఊపిరి బిగబట్టి ఆడుతుంది. ఆటలో గెలవాలని దానికి లేదు, బాతులు పోగు చేసుకోవడమే దాని పని. దాని పడవ వెనక బాతుల బారు తెర అంచుదాకా వెళ్ళి మలుపు తిరుగుతుంది. వాటిలో ఒకటి నానమ్మ, ఒకటి లావు బాతు, ఒకటి అలిగిన బాతు. ఏది ఏదో దానికే తెలుసు.

ఆ గురువారం ఇంటిల్లిపాదీ ఈ ఆట చుట్టూ చేరాం. శుక్రవారం మిడతకు ఆసుపత్రిలో మందు ఎక్కించాలి.

దానికి మోకాళ్ళు, మణికట్లు వాచే జబ్బు. లేవగానే గెంతే పిల్ల కాస్తా పొద్దున పూట గోడ పట్టుకుని నడవడం మొదలుపెట్టాక తెలిసింది. మందైతే ఉంది. కాకపోతే సీసాలోంచి నరంలోకి చుక్కచుక్కగా, మధ్యాహ్నం మొదలుపెడితే సాయంత్రం దాకా ఎక్కాలి. తొందరపెడితే ఒంటికి పడదు. మొదటిసారి వెళ్ళినప్పుడు అందరం కలిసి అదిమి పట్టుకున్నాం. నేను చేతులు, వాళ్ళ నాన్న కాళ్ళు, సిస్టర్లు తల. అది అరిచి, మెలికలు తిరిగి, సూది పెరుక్కుంది. మందు సగం నేలపాలైంది. దాని చెయ్యి కమిలి నల్లబడింది.

"ఇంకొక్కసారి చూద్దామమ్మా. ఈసారి కూడా ఇలాగే అయితే మెడ కింద చిన్న ఆపరేషన్ చేసి గొట్టం పెట్టాలి. మత్తిచ్చి చేస్తాం" అంది డాక్టరమ్మ.

"దానికి ఆయాసం ఉంది కదండీ" అన్నాను.

"అందుకే ఇంకొక్కసారి అంటున్నాను."

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ముద్ద దిగలేదు. మత్తు మాట తలచుకుంటే చాలు, రాత్రిళ్ళు అది ఊపిరి కోసం ఎగబీల్చే చప్పుడు చెవిలో వినిపించేది.

పడవ ఆటను ఆసుపత్రికి తీసుకెళ్దామన్న ఆలోచన నాదే. కానీ ఆ వార్డులో మంచాల దగ్గర టీవీ లేదు. ఉన్నా, బోర్లా పెట్టి మొట్టికాయలు వేసే పెట్టెను అక్కడికెవరు రానిస్తారు? అప్పుడు మా మరిది తన అలమరలోంచి చేతిలో పట్టుకుని ఆడే గేమ్ ఒకటి తీసుకొచ్చాడు. మూల పగిలితే టేపు చుట్టి ఉంది.

"దీంట్లోకి ఎక్కించేద్దాం వదినా."

"డిస్కు దీంట్లో పట్టదు కదా?"

"డిస్కునెవరు దూరుస్తారు? డిస్కులో ఉన్నదంతా కంప్యూటర్లోకి ముందు ఒక మూట కడతాం. ఆ మూటని ఇది మింగగలిగేలా మార్చాలి. మార్చడానికి సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. మంచివి మూడు దొరికాయి."

పక్కన ఉతికిన బట్టలు మడతపెడుతున్న మా అత్తయ్య తలెత్తింది. "మూడెందుకురా? మంచిదొకటి చాలదూ?"

"ఏది మంచిదో తెలిస్తే ఒకటే చాలమ్మా."

వంటింటి బల్ల మీద గిన్నెలు పక్కకు జరిపి కూర్చున్నాం. మిడత పక్కింటి వరండాలో గెంతుతోంది, దానికి ఇంకా ఏమీ చెప్పలేదు. మొదటి సాఫ్ట్‌వేర్ చిటికెలో పని ముగించింది. మరిది మురిసిపోయి చేతి గేమ్‌లో వేసి చూపించాడు. పడవ వచ్చింది, నీళ్ళు వచ్చాయి, పాట వచ్చింది.

"అయిపోయింది! ఇదే ఖాయం."

"ఏటి మలుపు దాకా వెళ్ళి చూడు" అన్నాను.

"మొదలైందిగా వదినా. మొదలైందంటే అంతా ఉన్నట్టే."

"నువ్వు వెళ్ళి చూడవయ్యా."

"గ్యాస్ కట్టేశావో లేదో మంచమెక్కాక కూడా లేచొచ్చి చూసుకునే మనిషివి, నీతో వాదించి నేను గెలుస్తానా" అని వెళ్ళాడు. మలుపు దగ్గర పడవ నత్తిగా కదిలింది. ఆగి, ఎగిరి, మళ్ళీ ఆగింది. వెనకాల ఉన్న ఒక్క బాతూ చెదిరిపోయింది. మరీ గట్టిగా వత్తి చిన్నది చేసింది కాబట్టి, పెద్ద బొమ్మ వచ్చేచోట విప్పుకోలేకపోతోందని చెప్పాడు. దానికి తొందరోడు అని పేరు పెట్టాడు.

రెండోదాంట్లో మలుపు హాయిగా దాటింది. కానీ చప్పుడు లేదు. నీటి గలగల లేదు, పాట లేదు. డిస్కులో ఆట ఒక భాగంగా, పాటలు వేరే భాగాలుగా ఉంటాయట. ఇది మొదటి భాగం తీసుకుని మిగతావి వదిలేసింది.

"చప్పుడు లేకపోతే మరీ మంచిది. ఆ బాతుల కూతలకు నా తల పగిలిపోతోంది" అంది అత్తయ్య.

"మిడతకు తేడా తెలిసిపోతుంది అత్తయ్యా. ఏమైందో అని లేచి చూస్తుంది."

"అయితే ఇది నోరులేనోడు" అన్నాడు మరిది. "ఇక మిగిలింది మూడోవాడు."

మూడోది ప్రశ్నలు వేసింది. ఆట పేరేంటి, ఆట నంబరేంటి, ఎంత వత్తమంటావు, పాటలు కూడా కావాలా, పైన ఏ బొమ్మ పెట్టమంటావు. ఒకదానికి జవాబిస్తే ఇంకొకటి. ఆ ఇంగ్లీషు అక్షరాలు నేను ఒక్కొక్కటే కూడబలుక్కుని చదువుతుంటే మరిది అర్థం చెప్పి జవాబు కొట్టాడు.

"ఏంట్రా అది, మా ఆడపడుచులా ఇన్ని ఆరాలు తీస్తోంది?" అంది అత్తయ్య.

"అత్త పేరు పెడదామా అమ్మా?"

"పెట్టు, దానికి తెలిసిందంటే నీ పెళ్ళి చెడగొడుతుంది."

చివరికి నసగాడు అని పెట్టాడు. నసగాడు తీరిగ్గా పని చేశాడు. మేం టీ పెట్టుకుని తాగి, గ్లాసులు కడుక్కున్నాక గానీ పూర్తి కాలేదు. కానీ అందులో అన్నీ ఉన్నాయి. చప్పుడుంది, మలుపు సాఫీగా ఉంది. నేను మరిది చేత ఆ మలుపు ఇటూ అటూ తిప్పించాను, విసుక్కుంటూనే తిప్పాడు.

ఇక బాతులు. మిడత పోగుచేసిన బారు అంతా టీవీ గేమ్‌కి గుచ్చే చిన్న కార్డులో ఉంటుంది. అదీ ఇందులోకి రావాలి. కార్డు తీసుకుని సందు చివర రిపేరు కొట్టుకు వెళ్ళాం. ఆ కొట్టతను ఎప్పుడూ నుదుటికి లైటు కట్టుకుని ఉంటాడు కాబట్టి అందరూ టార్చన్న అంటారు. పాత కార్డులు చదివే కేబుల్ ఆ చుట్టుపక్కల అతని దగ్గరే ఉంది.

"జాగ్రత్తన్నా, అవి పోతే మా ఇంట్లో ఉండలేం" అన్నాను.

"నేను బాతుల్ని ముట్టుకోనమ్మా. ఫొటో తీసినట్టు తీసి ఇస్తా. అసలువి కార్డులోనే ఉంటాయి."

చేతి గేమ్‌లో వేసి నసగాడిని తెరిస్తే, పడవ వెనక బాతులన్నీ ఉన్నాయి. తెర అంచుదాకా వెళ్ళి మలుపు తిరిగి ఉన్నాయి. నేను అక్కడి స్టూలు మీద కూర్చుండిపోయాను. టార్చన్న లైటు నా ముఖం మీద పడేసరికి మళ్ళీ లేచాను.

"ఆ పనికిరాని రెండూ తీసేయనా?" అన్నాడు మరిది.

"ఉండనీ. నసగాడు మొరాయిస్తే ఇంకొకటైనా ఉంటుంది" అన్నాను.

అలా మూడూ ఉండిపోయాయి. చేతి గేమ్ తెర మీద మూడింటికీ ఒకే పడవ బొమ్మ, ఒకదాని కింద ఒకటి. పైది తొందరోడు, మధ్యది నోరులేనోడు, కిందది నసగాడు. మర్చిపోకుండా మనసులో వల్లె వేసుకుంటూ ఇంటికి వచ్చాను.

శుక్రవారం పొద్దున మా ఆయన మిడతకు నీళ్ళు పోస్తున్నాడు. క్రేన్ నడిపే పని ఆయనది. సైటులో ఆ రోజు వేరే మనిషి లేడని సెలవివ్వలేదు. నేను వంటింట్లో బ్యాగు సర్దుతున్నాను. బట్టలు, టోపీ, ఆయాసం వస్తే పీల్చే మందు, ఛార్జర్. అన్నీ పెట్టాక కొత్త భయం పట్టుకుంది. అక్కడ మిడత ఆటలో ఎక్కడైనా ఇరుక్కుంటే? దానికి కోపం వస్తే సూది ఆగుతుందా? పక్కన కూర్చునేది నేనే. నాకేమో పడవను ఎలా కదపాలో కూడా రాదు.

కాస్త నేర్చుకుందామనిపించింది. కానీ మిడత బాతులున్న నసగాడి జోలికి ఎలా పోతాను? ఒళ్ళు దగ్గర పెట్టుకుని పైన ఉన్న తొందరోడిని తెరిచాను. ఎలాగూ పక్కన పెట్టేసిందే కదా. కొత్త ఆట మొదలుపెట్టాను. పడవను తిప్పబోతే వెళ్ళి ఇసకలో దిగబడింది. ఎటు నొక్కినా రాలేదు. దాచమంటావా అని అడిగింది. అలా అడిగితే ఎప్పుడూ అవునను, లేకపోతే ఆడిందంతా పోతుంది అని మరిది ముందురోజే చెప్పి ఉన్నాడు. అవునన్నాను. కట్టేసి బ్యాగులో పెట్టాను.

ఆసుపత్రి వరండాలో నేల నలుపు, తెలుపు పలకలు. మిడత కుంటుతూనే నల్లవాటి మీద మాత్రమే అడుగులు వేసుకుంటూ అటూ ఇటూ తిరుగుతోంది. అత్తయ్య దాని వెనకాల బ్యాగు పట్టుకుని తిరుగుతోంది. పిలుపు వచ్చేలోపు ఆట సిద్ధంగా ఉంచుదామని బెంచీ మీద కూర్చుని నసగాడిని తెరిచాను.

ఇసకలో దిగబడిన పడవ వచ్చింది. వెనకాల ఏమీ లేదు.

వేరేది నొక్కాననుకున్నాను. బయటికి వచ్చి, కిందది నసగాడు అని పైకే అనుకుని, మళ్ళీ నొక్కాను. అదే ఇసక, అదే పడవ. నోరులేనోడిని తెరిచాను. అందులోనూ అదే. మరిదికి ఫోన్ చేశాను.

"బాతులు లేవు."

"ఉంటాయి వదినా, కిందది నొక్కు."

"కిందదే నొక్కాను. ఇసకలో పడవ ఉంది. అది పొద్దున నేను ఆడింది."

"నువ్వు ఆడావా? దేంట్లో?"

"తొందరోడిలో. నసగాడిని ముట్టుకోలేదు, మిడత మీద ఒట్టు."

మరిది నెమ్మదిగా అన్నాడు. "వదినా, ఆట నంబరు అడిగిందే, గుర్తుందా? మొదటి రెండూ డిస్కు మీదున్న నంబరే తీసుకున్నాయి, నసగాడికీ నేను అదే ఇచ్చాను. డిస్కు ఒకటే కదాని. ఆ నంబరుతోనే చేతి గేమ్ డబ్బా కట్టుకుని ఆట దాచుకుంటుంది. ఆటలు మూడే గానీ డబ్బా ఒకటే. నువ్వు తొందరోడిలో దాచింది బాతుల మీద పడింది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నాకు ఇప్పుడే తట్టింది. ఒకటే ఉంచితే ఏ గొడవా ఉండేది కాదు. పోల్చి చూద్దామని మూడూ పెట్టాం చూడు, అక్కడొచ్చింది తంటా."

"ఇప్పుడెలా?"

"అసలువి కార్డులో ఉన్నాయి. ఇంటికెళ్ళి కార్డు తీసుకుని, టార్చన్న దగ్గర మళ్ళీ కాపీ చేయించుకుని, కంప్యూటరుతో సహా అక్కడికి వస్తాను. సాయంత్రం లోపు వచ్చేస్తా."

"సూది ఇప్పుడు గుచ్చుతారు."

అంతలో సిస్టర్ తలుపు తీసి పిలిచింది. కాసేపు ఆగితే కుదరదా అని అడిగాను. "మందు కలిపేశామమ్మా. కలిపాక ఉంచకూడదు. ఇప్పుడు ఎక్కించకపోతే పారబోయడమే" అంది.

అత్తయ్యకు రెండు ముక్కల్లో చెప్పాను. ఆవిడ నా చెవి దగ్గరికి వంగింది. "బాతులు వాళ్ళ అమ్మమ్మ ఇంటికి వెళ్ళాయని చెప్పు."

"అది నమ్ముతుందా అత్తయ్యా?"

"మా వాడు బంగారం, కోపమే రాదు అని పెళ్ళిచూపుల్లో చెబితే నువ్వు నమ్మలేదూ?"

మామూలు రోజైతే నవ్వేదాన్ని. ఆ రోజు పెదవి కూడా కదల్లేదు.

మంచం మీద కూర్చోబెట్టాక సిస్టర్ మిడత రెండు చేతులూ చూసింది. కుడి మణికట్టు ఇంకా వాచి ఉంది, అక్కడే కమిలిన మచ్చ. అందుకని ఎడమ చేతికి గుచ్చింది. మిడత కెవ్వుమంది. నేను దాని భుజం మీద చెయ్యి వేశాను గానీ నొక్కలేదు. సూది కదలకుండా చేతి కింద చిన్న అట్ట పెట్టి, వేళ్ళ దాకా టేపు చుట్టింది సిస్టర్. సీసాలోంచి మొదటి చుక్క పడింది.

"ఇక కదలకూడదు బంగారూ. కదిలితే మళ్ళీ గుచ్చాలి."

ఆ అట్ట కట్టిన చేతిని చూశాక గేమ్ గుర్తొచ్చింది. పడవను తిప్పే మీటలు ఎడమవైపు ఉంటాయి. ఎడమ బొటనవేలితోనే నొక్కాలి. నీటి చప్పుడు ఉందా, మలుపు సాఫీగా ఉందా, ఏది ఎంత వత్తింది, అన్నీ చూశాం. సూది గుచ్చిన పిల్లకు మిగిలేది ఒక చెయ్యేనన్న సంగతి మా ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు.

"గేమ్ ఏది? తెచ్చానన్నావుగా" అంది మిడత, ముక్కు ఎగబీలుస్తూ.

తీసి దాని ఒళ్ళో పెట్టాను. చూసింది. తెరను ముఖం దగ్గరికి లాక్కుంది.

"నా బాతులేవి?"

అత్తయ్య నోరు తెరవబోయింది. నేను ముందే అనేశాను. "నేను ఆడాను మిడతా. తెలియక నీ ఆట మీద దాచేశాను."

"నువ్వా?"

"నేనే."

"ఎందుకు?"

"నువ్వు ఎక్కడైనా ఇరుక్కుంటే చెబుదామని నేర్చుకున్నాను."

"నేను ఇరుక్కోను."

"అవును."

"నువ్వు ఇరుక్కున్నావు."

"అవును."

దాని కింది పెదవి ముందుకు వచ్చింది. నాకు తెలుసు, దాని తర్వాత వచ్చేది అరుపే. "చచ్చిపోయాయా?" అంది.

"లేదు. ఇంట్లో కార్డులో ఉన్నాయి. బాబాయ్ తీసుకురావడానికి వెళ్ళాడు. సీసా అయిపోయేలోపు రావచ్చు. రాకపోనూ వచ్చు."

ఆ చివరి మాటకు అత్తయ్య నా వీపు మీద గిల్లింది.

మిడత గేమ్‌ను మంచం మీద పడేసింది. కుడి చెయ్యి తిన్నగా ఎడమ చేతి మీది టేపు దగ్గరికి వెళ్ళింది. గోటితో అంచు పైకి లేపింది. పక్క మంచం దగ్గరున్న సిస్టర్ పని ఆపి మా వైపు చూసింది. పోయినసారి సరిగ్గా ఇక్కడే నేను దాని చెయ్యి పట్టుకున్నాను. ఆ తర్వాత జరిగిందంతా ఆ పట్టుకోవడంతోనే మొదలైంది. ఇప్పుడు నా చేతులు వాటంతటవే లేవబోతున్నాయి. రెండింటినీ నా తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాను.

"లాగేస్తా" అంది.

నేను తొడల కింద చేతులు కదపలేదు.

"లాగేస్తున్నా."

తెర మీద పడవ ఇసకలో ఊగుతోంది. ఒక చెయ్యి బయటికి తీసి, మంచం మీదున్న గేమ్‌లోనే ఎడమ మీట నొక్కాను. పడవ ముక్కు ఇంకాస్త ఇసకలోకి దిగింది. మళ్ళీ నొక్కాను. ఇంకాస్త దిగింది. నేను నాటకమేమీ ఆడలేదు, నాకు నిజంగానే రాదు.

"అలా కాదు" అంది మిడత.

పైకి నొక్కాను.

"అబ్బా, అలా కాదమ్మా! నొక్కి పట్టుకోకూడదు. వదిలెయ్. వదిలితే నీళ్ళొచ్చి అదే లేపుతుంది."

"ఎప్పుడు వస్తాయి?"

"వస్తాయి. ఇటివ్వు."

టేపు వదిలేసి కుడి చేత్తో గేమ్ అందుకుంది. ఎడమ చెయ్యి కూడా దానంతటదే లేచింది. సీసా గొట్టం బిగుసుకుంది.

"ఆ చెయ్యి కాదు మిడతా."

అట్ట కట్టిన చేతిని చూసుకుంది. "మరి ఎడమవైపు ఎవరు నొక్కుతారు?"

"నేను."

"నీకు రాదు."

"నువ్వు చెప్పు."

పనిమనిషి కోసం వెతికి వెతికి చివరికి దొరికినదాన్నే పెట్టుకున్నట్టు చూసింది నన్ను. "సరే. చెప్పినప్పుడే నొక్కు. చెప్పకపోతే వేలు తియ్" అంది.

మంచం అంచున దానికి ఆనుకుని కూర్చున్నాను. గేమ్ మా ఇద్దరి ఒళ్ళో. ఎడమవైపు నా బొటనవేలు, కుడివైపు దానిది. అల వచ్చి పడవను లేపింది. "ఇప్పుడు వెనక్కి" అంది. నొక్కాను. పడవ ఇసక వదిలింది. అవతలి ఒడ్డుకు వెళ్ళాం. అది ఒక మీట నొక్కి బాతుపిల్లను పిలిచింది, పిల్ల నీళ్ళలోకి దూకింది. తిరిగి వస్తుంటే నా వేలు గట్టిగా పడి పడవ ఊగింది. పిల్ల చెదిరి ఒడ్డుకు పారిపోయింది.

"అమ్మా! మెల్లగా! నాన్న క్రేన్ అనుకున్నావా?"

అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పక్క మంచం మీది పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని ఇటు తిరిగాడు.

మళ్ళీ వెళ్ళాం. మళ్ళీ చెదిరింది. మళ్ళీ వెళ్ళాం. ఎడమ, వదులు, ఎడమ, పైకి, అబ్బా వదలమన్నానా. సీసాలో మందు కొద్దికొద్దిగా దిగుతోంది. నేను సీసాను చూస్తే వేలు తప్పుతుంది, తెరను చూస్తే సీసా ఏమవుతోందో అని భయం. నడుం పట్టేసింది. కాలు తిమ్మిరెక్కింది. అయినా పక్కకు జరగలేదు.

ఒక పిల్లను సగం ఏటిదాకా తెచ్చాం. అప్పుడు సీసా పక్కన, మందు పారుతోందో లేదో చూసే మిషన్ కీచుమని అరిచింది. మిడత తనకు తెలియకుండానే మోచెయ్యి మడిచేసింది. మందు ఆగిపోయి, సూది దగ్గర గొట్టంలోకి సన్నటి ఎర్ర చార పాకింది.

అది ఆ చారను చూసింది.

"రక్తం" అంది. గొంతు మారిపోయింది. పోయినసారి అరుపు మొదలయ్యే ముందు అన్నదీ ఆ మాటే.

సిస్టర్ గబగబా వస్తోంది. నేను పడవ ఆపేశాను. చేతనైంది అదొక్కటే. కానీ ఏరు ఆగదు కదా. పడవ వెనకున్న పిల్ల ప్రవాహానికి పక్కకు కొట్టుకుపోవడం మొదలుపెట్టింది. మిడత గొట్టాన్ని చూసింది. తెరను చూసింది. మళ్ళీ గొట్టాన్ని చూసింది. దాని ఛాతీ పైకీ కిందికీ ఆడుతోంది. నేను దాని కళ్ళనే చూస్తున్నాను. పిల్ల తెర అంచుదాకా వెళ్ళిపోయింది.

"అమ్మా, ఎడమ" అంది.

నొక్కాను.

"ఇంకా ఎడమ. వదులు. మెల్లగా."

సిస్టర్ వంగి, మిడత మోచెయ్యిని నెమ్మదిగా చాపింది. మిషన్ ఊరుకుంది. ఎర్ర చార వెనక్కి పోయింది. మిడత చూడలేదు. "వచ్చింది వచ్చింది వచ్చింది" అని గొణుక్కుంటోంది. పిల్ల పడవ వెనక్కి చేరింది.

ఆ ఒక్కదాన్నీ ఒడ్డుకు తెచ్చాక ఇంకోటి అంది. ఆ తర్వాత ఇంకోటి. నా వేలు మెల్లగా దాని మాట వినడం నేర్చుకుంది. కిటికీలోంచి వచ్చే ఎండ మంచం కాళ్ళ దాకా జరిగింది. అత్తయ్య కుర్చీలో కునుకు తీసి, ఉలిక్కిపడి లేచి, సీసా చూసి మళ్ళీ కునికింది. నేను మాత్రం ప్రతి చుక్కకూ ఇంకొకటి పడుతుందా అని ఎదురుచూస్తూనే ఉన్నాను.

సీసా అడుగంటుతుండగా మా మరిది తలుపు దగ్గర కనిపించాడు. చంకలో కంప్యూటరు, చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది.

"తెచ్చాను! మిడతా, నీ బాతులు..."

"ష్!" అంది మిడత, తలెత్తకుండా.

అతను మంచం దగ్గరికి వచ్చి నా వైపు వంగాడు. "ఎక్కించేయనా వదినా? ఐదు నిమిషాల పని. ఒక్కసారి గేమ్ ఇస్తే చాలు."

"ఎక్కిస్తే ఇప్పుడు ఆడుతున్నదేమవుతుంది?"

"ఇది పోతుంది. డబ్బా ఒకటేగా."

తెర మీద పడవ వెనక చిన్న బారు ఉంది, వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. ఇంట్లో దాని బారు ముందు అది ఏ మూలకూ రాదు. కానీ సూది ఇంకా చేతిలోనే ఉంది, సీసాలో ఇంకా మందు ఉంది. గేమ్ ఆ పిల్ల చేతిలోంచి తీయడానికి నా ప్రాణం ఒప్పుకోలేదు.

"ఇప్పుడు కాదు. కూర్చో" అన్నాను.

"ఎంత పరిగెత్తి వచ్చానో తెలుసా?"

"తెలుసయ్యా. కూర్చో."

అతను అత్తయ్య కుర్చీ పక్కన నేల మీద చతికిలబడ్డాడు. అత్తయ్య నిద్రలోనే అతని తల మీద చెయ్యి వేసింది.

మిషన్ మళ్ళీ మోగింది. ఈసారి మోత వేరేలా ఉంది. సిస్టర్ దూది పట్టుకుని వచ్చి, మీట కట్టేసి, సీసా కొక్కెం నుంచి తీసింది. ఖాళీ సీసా. "అయిపోయిందమ్మా. అంతా ఎక్కింది" అంది.

నాకు ఒక్కసారిగా కళ్ళు మసకలయ్యాయి. తెర కనపడలేదు. వేలు ఎక్కడుందో తెలియలేదు.

"అమ్మా, చూడు! రాళ్ళొచ్చాయి!" అని అరిచింది మిడత. "సిస్టర్, ఆగండి, ఒక బాతు ఏటి మధ్యలో ఉంది."

సిస్టర్ టేపు మీద పెట్టిన వేళ్ళు తీసేసింది. దూది అలాగే పట్టుకుని మా వెనక్కి వచ్చి నిలబడి, నా భుజం మీదుగా తెరలోకి తొంగి చూసింది.

"కుడివైపు కూడా ఒక రాయుంది, చూసుకోండి" అంది.